ఉత్తమ పాఠకుడు

అటక మీది నుంచి పాత పేపరు కట్టలు దించే పని హజరత్తయ్యకే పడింది. లైబ్రేరియన్ చంద్రమౌళికి నడుం నొప్పి. ఊడ్చే పోలేరమ్మకు నిచ్చెన ఎక్కితే కళ్ళు తిరుగుతాయి. ఉదయం ఎనిమిదింటికి పేపరు చదవడానికి వచ్చినవాడు హజరత్తయ్య ఒక్కడే. రిజిస్టరులో సంతకం పెట్టి కలానికి మూత పెట్టేలోపే నిచ్చెన తెచ్చి ఆయన ముందు నిలబెట్టారు.

"రేపట్నుంచి గ్రంథాలయ వారోత్సవాలు పెద్దాయనా. ఏడు రోజులు. నలభై కుర్చీలు పట్టాలి. ఈ చెత్తంతా ఇట్ట ఉంటే యాడ వేసేది?" అన్నాడు చంద్రమౌళి.

"పేపర్లు గదా సార్."

"పదేళ్ళ నాటి పేపర్లు. వాటి కోసం ఎవరొస్తారు?"

హజరత్తయ్య పంచె పైకి కట్టి నిచ్చెన ఎక్కాడు.

ఒక్కో నెలది ఒక్కో కట్ట. గోనె దారం పుచ్చిపోయి చెయ్యి తగలగానే తెగుతోంది. వెండి రంగు పురుగులు ముంజేతి మీదికి పాకాయి. ఆయన మొలలో ఎప్పుడూ నైలాను దారపు ఉండ ఉంటుంది, పక్కనే వలలు బాగుచేసే చిన్న కత్తి. తెగిన కట్టనల్లా మోకాలి కింద అదిమి, దారం రెండు చుట్లు తిప్పి, వెనక్కి లాగి వల ముడి వేశాడు. ఆ ముడి నీళ్ళలో నానినా జారదు. కిందికి అందిస్తే పోలేరమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని అందుకుంది.

"ఇంత గట్టిగా కడితే ఆ పాత సామాన్లవాడు ఎట్ట ఇప్పుకుంటాడు మామా?"

"కోసుకుంటాడులే."

పదకొండో కట్ట చేతికి రాగానే ఆగాడు. పైన చంద్రమౌళికి ముందు పనిచేసినాయన ఎర్ర సిరాతో రాసిన నెల, సంవత్సరం. ఏడేళ్ళ కిందటి నవంబరు.

ఆ కట్టలో పదహారో తేదీ పేపరుకు ఆరో పేజీ లేదు. లేదని తెలిసినవాడు లోకంలో ఒక్కడే. ఆ పేజీ ఎనిమిది మడతలుగా ఆయన చొక్కా జేబులోనే ఉంది. జాలరి గుర్తింపు కార్డు పెట్టుకునే ప్లాస్టిక్ కవరులో, కార్డు వెనక.

కట్ట దారం తెగలేదు. అయినా దాని మీద కొత్త దారం మూడు చుట్లు చుట్టాడు.

పదింటికి కావలి నుంచి జడ్సన్ ఆటో వచ్చింది. పాత ఇనుము, పాత కాగితం కొనే మనిషి. హజరత్తయ్య ఆ కట్టనే ముందుగా ఎత్తి ఆటోలో అడుగున వేశాడు. మిగతావి దాని మీద పడ్డాయి. ఆటో రోడ్డు మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి చూశాడు. లోపలికి పోయి ఆనాటి పేపరు తీసుకుని, ఎప్పటిలాగే వెనక పేజీ నుంచి మొదలుపెట్టాడు. పరాయి దేశపు జైళ్ళ నుంచి విడుదలైన జాలర్ల పేర్లు ఆ రోజు కూడా ఏమీ రాలేదు.

మరునాడు వారోత్సవాలు మొదలయ్యాయి. గోడకు బ్యానరు కట్టారు. కింద బల్ల వేసి, బల్ల మీద ఫొటోలు పెట్టి, ఫొటోలకు దండలు వేశారు. బల్ల చాలకపోతే పేపర్లు పెట్టే చెక్క స్టాండును పడుకోబెట్టి దాని మీద గుడ్డ కప్పారు. చదువుకునే బెంచీలు వరండాలోకి పోయాయి. వరండాలో జల్లు కొడుతోంది.

హైస్కూలు పిల్లల్ని తెచ్చి కుర్చీల్లో కూర్చోబెట్టారు. మేష్టరు చెయ్యి ఎత్తినప్పుడల్లా వాళ్ళు చప్పట్లు కొట్టారు. వచ్చిన అతిథి పుస్తకం గొప్పతనం గురించి గంట మాట్లాడాడు. చేతిలో పుస్తకం లేదు, ఫోను ఉంది. చంద్రమౌళి నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీశాడు. పన్నెండింటి లోపల జిల్లా గ్రూపులో పెట్టకపోతే కార్యక్రమం జరగనట్టే లెక్క.

హజరత్తయ్య వరండాలో తడి బెంచీ చివర కూర్చుని పేపరు కోసం అడిగాడు.

"స్టాండు కింద పెట్టేసినారు మామా, సాయంత్రం ఇస్తాలే," అంది పోలేరమ్మ.

సభ అయ్యాక చంద్రమౌళి తుండుతో మెడ తుడుచుకుంటూ వచ్చాడు.

"పెద్దాయనా, ఈసారి ఉత్తమ పాఠకుడు నువ్వే. ముగింపు రోజు శాలువా, సర్టిఫికెట్. పేరు జిల్లాకు పంపేసినా."

"నాకెందుకు సార్ అయ్యన్నీ?"

"రిజిస్టరు తీసి చూస్తే ఏడేళ్ళుగా మొదటి సంతకం నీదే. నీకు కాకపోతే ఎవరికిచ్చేది? రెండో మనిషి ఉంటే గదా." నవ్వాడు. "ఇంకో మాట. ఆఖరి రోజు సంగీత కార్యక్రమం పెట్టాలి. మీ పాళెంలో వల లాగే పాట ఉందంట గదా. మునెయ్యతో చెప్పి పాడించు. హార్మోనియం వాళ్ళను పిలిస్తే భోజనాలు అడుగుతారు."

సముద్రం పోటు మీద ఉంది. పది రోజులుగా పడవలు ఇసుక మీదే ఉన్నాయి. ఖాళీగా ఉన్న మగవాళ్ళు ఎనిమిది మంది పాటంటే సరదాగానే వచ్చారు. ఆ సాయంత్రం ఒడ్డున మునెయ్య వాళ్ళను వరసగా నిలబెట్టాడు. ఒడ్డు నుంచి లాగే అలివి వలకు పెద్ద అతను. తాడు లేకుండా పాట ఎత్తితే గొంతులు కలవలేదు. చేతులు ఏం చెయ్యాలో తెలియక వేలాడాయి.

"తాడు తెండిరా. ఉత్త చేతులతో పాట యాడొస్తాది?" అన్నాడు మునెయ్య.

తాడు తెచ్చి పడవ ముక్కుకు కట్టారు. పాటకు ముందు పేర్లు పిలవాలి. తాడు మీద చెయ్యి వేసిన ప్రతివాడినీ వలకు పెద్ద అయినవాడు పేరు పెట్టి పిలుస్తాడు. "ఉండా" అని వాడు పలకాలి. అందరూ పలికాకే తాడు కదులుతుంది. వేటకు పోయి కనపడకుండా పోయినవాడి పేరు కూడా పిలుస్తారు. వాడి ఇంటి మనిషి "ఉండాడు" అన్నంత కాలం పిలుస్తూనే ఉంటారు. మూడుసార్లు పిలిచినా ఇంటి మనిషి పలక్కపోతే ఆ పేరు తాడు దిగిపోయినట్టు. కర్మలు ఆ రోజు నుంచి లెక్క. పాళెంలో శవం దొరకని చావును నోటితో ఎవరూ చెప్పరు.

మునెయ్య పిలుస్తూ వచ్చాడు. ఆరో పేరు దగ్గర హజరత్తయ్య వైపు చూడకుండా పిలిచాడు.

"పెంచల్."

"ఉండాడు," అన్నాడు హజరత్తయ్య.

అప్పుడే రొయ్యల షెడ్డు నుంచి వస్తూ సుభాషిణి ఆగింది. హజరత్తయ్య కోడలు, పెంచల్ పెళ్ళాం. చేతిలో టిఫిన్ క్యారియర్. నాలుగైదు గంటలు మంచునీళ్ళలో రొయ్యల తలలు తీసిన వేళ్ళు పాలిపోయి ముడతలు పడి ఉన్నాయి.

"ఉంటే రేషన్ షాపు కాడికి పంపించు మామా," అంది. "వేలు పెట్టాలంట. నా వేలు ఆ మిషన్ తీసుకోదు. రొయ్యలు ఒలిచి ఒలిచి గీతలు పోయినాయి. కార్డులో యజమాని ఆయనే గదా, రమ్మను."

తాడు పట్టుకున్నవాళ్ళు తలలు దించుకున్నారు. ఆమె ఎవరి సమాధానం కోసమూ ఆగలేదు. కాళ్ళకు అంటిన ఇసుక దులపకుండానే నడిచిపోయింది.

మునెయ్య ఏడో పేరు పిలిచాడు.

నాలుగో రోజు న్యాయ విజ్ఞాన సదస్సు. కావలి నుంచి సుశీల్ కుమార్ అనే వకీలు వచ్చాడు. ఉచితంగా కేసులు వేసే శిబిరం తరఫున. పిల్లల్ని పరీక్షలని పంపలేదు. కుర్చీలు ఖాళీగా కనపడకూడదని చంద్రమౌళి బజారులో ఉన్నవాళ్ళను, రొయ్యల షెడ్డులో మధ్యాహ్నం పని లేనివాళ్ళను పిలుచుకొచ్చాడు. సుభాషిణి ఆఖరి వరసలో కూర్చుంది. వాసన వస్తుందని పక్క కుర్చీ ఆమె ఒకటి జరిగింది.

వకీలు వినియోగదారుల హక్కులు చెప్పాడు. ఆడవాళ్ళ హక్కులు చెప్పాడు. ఏమన్నా సందేహాలుంటే అడగమన్నాడు. ఎవరూ అడగలేదు. చంద్రమౌళి వందన సమర్పణకు లేవబోతుంటే సుభాషిణి లేచింది.

"నా మొగుడు పడవేసుకుని ఒక్కడే వేటకు పోయి రాలేదు సార్. ఏడేళ్ళు. మొన్న పదమూడుకు నిండినాయి. నేను ఏమవుతా సార్?"

"ఏమవుతావంటే?"

"మొగుడుండేదాన్నా, లేనిదాన్నా? రేషనోళ్ళు ఆయన వేలు తెమ్మంటారు. పింఛనోళ్ళు ఆయన చచ్చిన కాయితం తెమ్మంటారు. నెలాఖరుకు కార్డు తీసేస్తారంట. మెడలో తాడుంటే ఒకరు పొమ్మంటారు, తీస్తే పాళెంలో తిడతారు. రెండిట్లో ఏదో ఒకటి నా కాడ ఉండాలి గదా."

ఎవరో నవ్వబోయి మానేశారు. సుశీల్ కుమార్ కుర్చీలో ముందుకు జరిగాడు.

"ఏడేళ్ళు ఏ కబురూ లేకపోతే చనిపోయినట్టు కోర్టు ప్రకటిస్తుందమ్మా. అర్జీ మేమే వేస్తాం, ఉచితంగా. అర్జీ నంబరు ఉంటే కార్డు తియ్యకుండా నేను ఉత్తరం రాసిస్తా. కానీ ఏ రోజు పోయాడు, ఎట్ట పోయాడు అనేదానికి అప్పటి ఆధారం ఒకటి కావాలి. పోలీసు కేసుందా?"

"లేదు సార్. కేసు పెడితే చచ్చినాడని మనమే రాసిచ్చినట్టని మా మామ పోనీలేదు."

హజరత్తయ్య రెండో వరసలో ఉన్నాడు. ఆమె ఆయన వైపు చూడలేదు.

"పేపర్లో ఏమన్నా వచ్చిందా?"

"వచ్చిందన్నారు సార్. పడవ ఖాళీగా ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఫొటో ఏసినారంట. ఆ పేపరోళ్ళు ఇప్పుడు లేరు, మూసేసినారు. నాకు చదువు రాదు. ఈ లైబ్రరీలో ఉంటాది గదా సార్. మా మామ ఏడేళ్ళుగా ఈడనే చదువుతా ఉండాడు. ఆయనకు తెలుసు."

అందరూ హజరత్తయ్య వైపు తిరిగారు. ఆయన చెయ్యి జేబు దగ్గరికి పోయి, ఆగి, చొక్కా గుండీ ఒకటి సర్దింది.

చంద్రమౌళి గొంతు సవరించుకున్నాడు. "పాత పేపర్లు... గురువారం ఇచ్చేశాం సార్. కుర్చీలకు చోటు లేక."

"గ్రంథాలయ వారోత్సవాల కోసం గ్రంథాలయంలో కాగితాలు అమ్మేశారా?" అన్నాడు వకీలు. గట్టిగా అనలేదు. చంద్రమౌళి ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఆ సభకు ఆఖరి ఫొటో తియ్యలేదు.

"ఇరవయ్యో తేదీ ముగింపు సభకు నేను వస్తున్నానమ్మా. ఆ రోజు కాగితం తెచ్చిస్తే అక్కడే అర్జీ రాసుకుంటా. ఆ తర్వాత ఈ శిబిరం వేరే మండలానికి పోతుంది. మళ్ళీ ఎప్పటికో."

మరునాడు సుభాషిణి షెడ్డుకు పోలేదు. పొద్దున్నే గంజి తాగి, గిన్నె కడిగి బోర్లించి గుమ్మంలో నిలబడింది.

"బయల్దేరు మామా. కావలికి. నీకు తేదీలు చదవను వస్తాది."

"అమ్మేసినయ్ యాడ దొరుకుతాయి మే?"

"దొరక్కపోతే తిరిగొస్తాం."

ఆయన వలకత్తి మొలలో దోపుకుని ఆమె వెనక నడిచాడు.

జడ్సన్ గోడౌన్ రైలు పట్టాల పక్కన రేకుల షెడ్డు. కాగితం మనిషి ఎత్తున గుట్టలు. కొంత అప్పటికే మిల్లుకు పోయింది, కొంత బజ్జీల బండ్లకు పోయింది. మిగిలింది చూసుకోండి, సర్ది పెట్టి పోండి అన్నాడు జడ్సన్. హజరత్తయ్య నేల మీద చతికిలబడి ఒక్కో కట్ట మీది తేదీ చదవడం మొదలుపెట్టాడు. తీరిగ్గా, ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి.

సుభాషిణి కాసేపు అందించింది. తర్వాత అందించడం ఆపి గుట్ట చుట్టూ తిరిగింది.

"చదవబల్లేదు మామా. నీ ముడి ఉండేయి లైబ్రరీవి. మిగతాయి కాదు."

ముళ్ళను బట్టి ఆమె గంటలో పదిహేడు కట్టలు ఏరింది. వాటిలో ఒకదానికి రెండు దారాలు ఉన్నాయి, తెగని పాతది, దాని మీద మూడు చుట్ల కొత్తది. దాన్ని చేతిలో తిప్పి చూసింది.

"దీనికెందుకు ఇంత కట్టినావు?"

"జారుతుందని."

కత్తి ఇమ్మని చెయ్యి చాపింది. ఆయన తియ్యలేదు. ఆమె పళ్ళతో కొరికి తెంపింది. నవంబరు. ఆయన తేదీలు చదివాడు. పద్నాలుగు. పదిహేను. పదహారు. అక్కడ ఆగాడు. సుభాషిణి పేపరు లాక్కుని నేల మీద పరచి పేజీలు తిప్పింది. ఆమెకు అక్షరాలు రావు. పడవ బొమ్మ కోసం చూసింది. మొదటి నుంచి ఒకసారి, చివరి నుంచి ఒకసారి. మూడోసారి మధ్యలో ఆగి, మడత పొడుగునా బొటనవేలు నడిపించింది.

"ఈడ ఒకటి లేదు."

కోసిన అంచు తిన్నగా ఉంది. అక్కడక్కడ చిన్న గాట్లు. పొట్టి కత్తిని ఒత్తి ఒత్తి లాగితే పడే గాట్లు.

జడ్సన్ టీ గ్లాసుతో వచ్చి వంగి చూశాడు. "లైబ్రరీ పేపర్లలో ఇదే బాధమ్మా. కోసుకుపోతారు. ఎవరో కాదు, రోజూ పోయి చదివేవోళ్ళే కోసేది."

సుభాషిణి తల ఎత్తింది. ఆమె చూపు హజరత్తయ్య మొలలో ఉన్న కత్తి మీద ఆగింది. మొహం మీదికి రాలేదు. పేపరు మడిచి, కట్టలో పెట్టి, తెంపిన దారంతోనే మళ్ళీ కట్టింది. ఆమెకూ వల ముడి వచ్చు.

తిరుగు బస్సులో రెండు సీట్లు పక్కపక్కనే ఖాళీగా ఉన్నాయి. ఆమె పోయి డ్రైవరు వెనక నిలబడింది. పాళెం వచ్చేదాకా నిలబడే ఉంది.

ఇంట్లో, పోయిన పెళ్ళాం కామాక్షమ్మ ఫొటో కింద చాప మీద హజరత్తయ్య కూర్చున్నాడు. కవరు తీశాడు, కాగితం తియ్యలేదు. ప్లాస్టిక్ లోంచి మడత అంచు పసుపుగా కనపడుతోంది. పెళ్ళానికి చదువు రాదు. రోజూ సాయంత్రం ఏం రాసినారని అడిగేది. వెతుకుతా ఉండారంట అని చదివేవాడు. ఆమె పోయేదాకా, మూడేళ్ళు, ఆ ఒక్క వాక్యమే చదివాడు. ఇప్పుడు ఈ కాగితం బయటపడితే ఆ మూడేళ్ళ చదువు అబద్ధమని ఊరంతా చదువుతుంది. ఆ మాట ఫొటోకు కూడా వినపడుతుందని ఆయన భయం. వెనక వసారాలో సుభాషిణి అన్నం ఒక్క కంచంలోనే పెట్టుకుని తింటున్న చప్పుడు వినపడింది. ఆయన్ని పిలవలేదు.

పంతొమ్మిదిన వాన. ముగ్గుల పోటీ కొట్టుకుపోయింది. పదకొండింటికి మునెయ్య, పాళెం మగవాళ్ళు నలుగురు తడి గోనెలు నెత్తిన వేసుకుని లైబ్రరీలోకి వచ్చారు. వెనక సుభాషిణి.

"ఏం సార్. దాని బతుకు కాయితం అమ్ముకుని కుర్చీలేసినారంట," అన్నాడు మునెయ్య.

చంద్రమౌళి లేచి నిలబడ్డాడు. "నాకెట్ట తెలుస్తాది మునెయ్యా, అందులో ఉందని? ఒక్కమాట ముందు చెప్పుంటే..."

"కలెక్టరాఫీసులో అర్జీ పెడతాం. అమ్మమని నీకు ఎవరు చెప్పినారో ఆడ చెప్పు."

చంద్రమౌళి మొహం పాలిపోయింది. అమ్మమని ఎవరూ రాసివ్వలేదు. "ఇంకా రెండేళ్ళే ఉంది నాకు సర్వీసు," అన్నాడు. తర్వాత హజరత్తయ్య వైపు తిరిగాడు. "పెద్దాయనా, నువ్వు చెప్పు. నీ చేతుల మీదుగానే గదా దించింది."

హజరత్తయ్య పేపరు ఎదురుగా పట్టుకుని కూర్చున్నాడు. పేజీ తిప్పాడు.

"సారును అనబాకన్నా," అంది సుభాషిణి. "పేపరు దొరికింది. పేజీ లేదు. ఎవరో కోసుకున్నారు, ఎప్పుడో."

"ఎవరు?"

"నాకు చదువు రాదు. వచ్చేవోళ్ళ పేర్లు పుస్తకంలో ఉంటాయి గదా. సారును చూడమను."

చంద్రమౌళికి ప్రాణం లేచి వచ్చింది. బీరువా తెరిచి, అడుగు అర నుంచి పాత రిజిస్టరు లాగాడు. దుమ్ము కొట్టి, వేలు తడి చేసుకుని పేజీలు తిప్పాడు. నవంబరు పదహారు. ఆ రోజూ వాన. ఆ రోజు ఒకే సంతకం. పదిహేడు, ఒకే సంతకం. పద్దెనిమిది. చంద్రమౌళి వేలు ఆ పేరు మీద ఆగింది. తల ఎత్తకుండానే హజరత్తయ్య వైపు చూశాడు. తర్వాత గోడకు ఆనించి పెట్టిన సర్టిఫికెట్ వైపు చూశాడు. ఫ్రేము కట్టి ఉంది. ఉత్తమ పాఠకుడు, పేరు, ఊరు, అంతా అచ్చయి ఉంది.

రిజిస్టరు మూసేశాడు.

"తడిసిపోయిందయ్యా. అక్షరాలు తెలియడం లేదు."

వాళ్ళు వాన తగ్గేదాకా నిలబడి వెళ్ళిపోయారు. సుభాషిణి వెళుతూ రిజిస్టరు అట్ట మీద అరచెయ్యి పెట్టి చూసింది. పొడిగా ఉంది.

ఇద్దరే మిగిలాక చంద్రమౌళి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"రేపు ఒక్కరోజు నోరు తెరవబాక పెద్దాయనా. నీ పేరు జిల్లాకు పోయింది. పేపరు కోసినోడికి అవార్డు ఇచ్చినానంటే నా పని అయిపోతాది. తర్వాత నువ్వూ ఆమె ఇంట్లో చూసుకోండి."

"రేపటితో వకీలు పోతాడు గదా సార్."

"ఇంకో వకీలు దొరుకుతాడు. మెల్లిగా చూద్దాం."

హజరత్తయ్య పేపరు మడిచాడు. అంచులు సరిచేసి స్టాండు ఉండే చోట పెట్టబోయి, స్టాండు లేదని గుర్తొచ్చి, నేల మీద పెట్టాడు.

ఇరవైన వాన వెలిసింది. సంగీతం ముందు పెడితే విని లేచిపోతారని చంద్రమౌళి దాన్ని ఆఖరున పెట్టాడు. పాళెం మగవాళ్ళు తాడు చుట్ట పక్కన పెట్టుకుని గోడ వారగా కూర్చున్నారు. పిల్లలు వచ్చారు, మేష్టరు వచ్చాడు. సుశీల్ కుమార్ మధ్య కుర్చీలో ఉన్నాడు. సుభాషిణి కుర్చీలో కూర్చోలేదు. షెడ్డు నుంచి నేరుగా వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. ఆమె చేతుల్లో ఏ కాగితమూ లేదు. వకీలు ఒకసారి ఆమె వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

బహుమతులు ఇచ్చారు. ఆఖరున హజరత్తయ్యను పిలిచి శాలువా కప్పారు. సర్టిఫికెట్ చేతికిచ్చి అందరూ ఫోను వైపు చూశారు.

"రెండు ముక్కలు మాట్లాడాలని కోరుతున్నాం," అన్నాడు మేష్టరు. చంద్రమౌళి మైకు తియ్యబోయాడు గాని మేష్టరు అప్పటికే ఆయన చేతిలో పెట్టేశాడు.

హజరత్తయ్య మైకును నోటికి మరీ దగ్గరగా పెట్టుకున్నాడు. ముందు ఊపిరి చప్పుడు వచ్చింది.

"మా ఆడమనిషికి చదువు రాదు. నేను చదివి చెప్పేవాణ్ణి."

మేష్టరు చెయ్యి ఎత్తాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"మా వాణ్ణి వెతుకుతా ఉండారని చెప్పినా. మూడేళ్ళు. పేపర్లో అట్ట లేదు." జేబు నుంచి కవరు తీశాడు. కార్డు కింద పడింది. మడతలు విప్పుతుంటే కాగితం ఒకచోట చిరిగింది. "ఈ పేజీ కోసింది నేను. సారుకు తెలియదు. కట్టలు దించిందీ, కట్టిందీ, ఆటోలో ఏసిందీ నేనే."

పిల్లలు మళ్ళీ చప్పట్లు మొదలుపెట్టారు. ఈసారి మేష్టరు చెయ్యి దించి ఆపాడు.

సుశీల్ కుమార్ కాగితం అందుకుని బల్ల మీద పరిచాడు. పెదాలు కదిలిస్తూ చదివాడు. తేదీ, పాళెం పేరు, పడవ నంబరు, పెంచల్ పేరు. ప్రాణాలతో ఉండే అవకాశం లేదని తోటి జాలర్లు చెప్పారని చివరి వాక్యం. "ఇది చాలు," అన్నాడు. చంద్రమౌళి నేల చూపులు చూస్తూ బ్యానరు తాడు బిగించాడు. అది వదులుగా లేదు.

సుభాషిణి ముందుకు వచ్చింది. కుర్చీల వాళ్ళు కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చారు. ఆమె కాగితంలో బొమ్మ చూసింది. ఇసుక మీద ఒరిగిన పడవ. తెడ్డు పెట్టే చోటు ఖాళీ. చాలాసేపు చూసి వేలు చాపింది. వకీలు సిరా ప్యాడ్ తెరిచాడు. అర్జీ కాగితం మీద గీతలు లేని నీలం మచ్చ పడింది.

"గీతలు రాలేదు సార్."

"పరవాలేదమ్మా. ఇది మిషను కాదు."

ఆమె వేలు కొంగుకు తుడుచుకుని వెనక్కి తిరిగింది. హజరత్తయ్య అక్కడే ఉన్నాడు. శాలువా ఒక భుజం మీద నుంచి జారి వేలాడుతోంది.

"అత్త పోయి నాలుగేళ్ళయింది మామా," అంది.

గుమ్మం దగ్గరికి పోయి నిలబడింది.

ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. కార్యక్రమం కాగితంలో ఇంకో అంశం మిగిలి ఉంది. చంద్రమౌళి సంగీత కార్యక్రమం అని చదివాడు. మునెయ్య లేచి తాడు కొసను కిటికీ ఊచలకు కట్టాడు. మగవాళ్ళు బల్లను పక్కకు జరిపి వరసగా నిలబడ్డారు. హజరత్తయ్య శాలువా తీసి మడిచి కుర్చీలో పెట్టి, సర్టిఫికెట్ దాని మీద పెట్టి, పోయి తాడు మీద చెయ్యి వేశాడు. వరసలో ఆయనకు అటూ ఇటూ ఉన్నవాళ్ళు కాస్త ఎడం జరిగారు.

మునెయ్య పేర్లు పిలిచాడు. ఒక్కొక్కరే పలికారు. "హజరత్తయ్య." "ఉండా." ఆరో పేరు వచ్చింది.

"పెంచల్."

పిల్లలు వెనక్కి తిరిగి చూశారు. కార్యక్రమంలో ఎవరో పాట మరిచిపోయారనుకున్నారు.

"పెంచల్," అన్నాడు మునెయ్య మళ్ళీ.

హజరత్తయ్య కళ్ళు తాడు మీద ఉన్నాయి. పిడికిలి బిగించి ఉంది. నోరు తెరవలేదు. గుమ్మం దగ్గర సుభాషిణి చెయ్యి మెడ దగ్గర పసుపుతాడును పట్టుకుని ఆగింది.

మూడోసారి మునెయ్య గొంతు తగ్గించి పిలిచాడు. పక్కవాడికి తప్ప వినపడనంత. తర్వాత ఒక ఊపిరి పీల్చేంతసేపు ఆగాడు.

ఏడో పేరు పిలిచాడు. "ఉండా," అన్నాడు ఏడోవాడు.

పాట ఎత్తారు. తాడు బిగిసింది. ఎనిమిది మందీ మడమలు నేలకు తన్ని వెనక్కి వాలారు. అవతల కిటికీ ఊచలు. వలా లేదు, సముద్రమూ లేదు. పాట చెప్పినంతసేపూ లాగారు. అందరికంటే గట్టిగా హజరత్తయ్య లాగాడు.